తెల్లబడ్డ బిల్లు గురించి పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

వాషింగ్ మెషీన్ ఆగిపోయిందనీ, వారంటీ ఇంకా మిగిలే ఉందనీ, తీరా బిల్లు బయటికి తీస్తే తెల్ల కాగితం కనిపించిందనీ రాశావు. టెన్షన్ పడకు. కానీ ఎవరో చెప్పారని దాని మీద ఇస్త్రీ పెట్టె మాత్రం పెట్టకు. ఆ పని నేను చేసి చూశాను. ఫ్రిజ్ బిల్లు వెలిసిపోతే వేడి తగిలితే అక్షరాలు పైకి తేలతాయని విని, కాగితం మీద గుడ్డ పరిచి ఇస్త్రీ చేశాను. గుడ్డ తీసేసరికి బిల్లు మొత్తం నల్లగా అయిపోయింది. అంతకుముందు వెతికి చూస్తే కనిపించే నాలుగు అంకెలు కూడా అందులో కలిసిపోయాయి. అప్పటికి 30 ఏళ్లుగా లెక్కల పుస్తకాలు రాస్తున్నవాణ్ని. మీ పెద్దమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతూనే ఉంటుంది.

నీ చేతిలో ఉన్నది థర్మల్ కాగితమేనా, అంటే వేడితో అక్షరాలు పడే రకమేనా అన్నది ముందు తేల్చుకో. బిల్లు అంచున, అక్షరాలు లేని చోట, గోటితో గట్టిగా ఒక గీత గియ్యి. నల్లటి గీత పడితే థర్మలే. ఈ కాగితం మీద సిరా ఉండదు. పైపూతలో రంగు లేని ఒక రసాయనమూ, దానికి రంగు తెప్పించే ఆమ్ల గుణమున్న ఇంకో రసాయనమూ పక్కపక్కనే ఉంటాయి. ప్రింటరు తల వేడిగా తగిలిన చోట అవి కరిగి కలుస్తాయి, అక్కడ నల్లబడుతుంది. మనం అక్షరం అంటున్నది ఆ కలయికే. అది విడిపోతే అక్షరం మాయమవుతుంది. అలాగని పదార్థం ఎక్కడికీ పోదు, రంగు కోల్పోయి చాలావరకు కాగితంలోనే ఉండిపోతుంది. మన ఆశంతా దాని మీదే.

ఇక చేయవలసిన పని. మొదట ఉన్నది ఉన్నట్టుగా ఫోటో తియ్యి. ఫ్లాష్ వద్దు. కిటికీ పక్కన, పగటి వెలుతురులో, బిల్లును సమంగా పరిచి తియ్యి. వెనక వైపు ప్రకటనల అచ్చు ఉంటే కింద నల్ల కాగితం పెట్టు, వెనక అచ్చు ముందుకు కనిపించదు. తర్వాత కాగితాన్ని కాస్త వాల్చి, వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుని చూడు. ప్రింటరు తల తగిలిన చోట మెరుపు తేడాగా ఉండి, ఒక్కోసారి కంటికే అంకెలు దొరుకుతాయి.

స్కానర్ దొరికితే ఇంకా మంచిది. 300 డీపీఐకి, అంటే అంగుళానికి 300 చుక్కలకు తగ్గకుండా, కలర్‌లోనే స్కాన్ చెయ్యి. బ్లాక్ అండ్ వైట్ పెట్టావంటే మిగిలిన ఆ కాస్త లేత మరకనూ యంత్రం తెలుపు కిందే జమ వేస్తుంది. ఫోటోలు దిద్దే యాప్‌లో కాంట్రాస్ట్ పెంచి, రంగులు తలకిందులు చేసి చూడు. వెలిసిన అక్షరాలు చాలాసార్లు లేత పసుపు మరకలుగా మిగులుతాయి. పసుపు నీలం కాంతిని మింగుతుంది కాబట్టి, యాప్‌లో ఎరుపు, ఆకుపచ్చలను పక్కనబెట్టి నీలం ఛానెల్ ఒక్కటే, అంటే ఫోటోలోని నీలం కాంతి భాగం ఒక్కటే చూస్తే ఆ మరకలు ముదురుగా తేలతాయి. నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది ఈ ఉపాయమే. నోట్లు పరీక్షించే అతినీలలోహిత దీపం ఎక్కడైనా దొరికితే చీకట్లో కాసేపు దాని కింద కూడా పెట్టి చూడు.

ఇవేవీ ఫలించకపోతేనే వేడి. అదీ ఇస్త్రీ పెట్టెతో కాదు, హెయిర్ డ్రయర్‌తో. తక్కువ వేడి మీద, జానెడు దూరం నుంచి, కాగితం వెనక వైపున ఆడిస్తూ ఉండు. 70 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చిందంటే ఈ కాగితం మొత్తం రంగు తిరగడం మొదలుపెడుతుంది. అలా బూడిద రంగులోకి మారేటప్పుడు అక్షరాలున్న చోట ఆ రంగు వేరుగా పడుతుంది. చదవడానికి వీలైందనిపించిన మరుక్షణం ఆపి ఫోటో తియ్యి. ఇంకొంచెం స్పష్టంగా వస్తుందేమో అనుకున్నావో, నా ఫ్రిజ్ బిల్లు గతే దానికీ. ఒకసారి నల్లబడ్డాక మళ్లీ తెల్లబరచలేం.

మసక అంకెల మీద పెన్నుతో దిద్దకు. దిద్దిన బిల్లును ఎవరూ నమ్మరు, అది నిజమైనదే అయినా సరే. ఫోటోలోనైనా అంతే, మార్పులన్నీ నకలు మీద చేసి మొదటి ఫోటోను ముట్టుకోకుండా ఉంచు.

ఈలోగా దుకాణానికి కూడా వెళ్లు. నిజానికి చాలాసార్లు పని తేలేది అక్కడే. డబ్బు కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తేదీ, మొత్తం ఉంటాయి. ఆ రెండూ చెబితే వాళ్ల కంప్యూటర్‌లో బిల్లు వెతకడం తేలిక. మెషీన్ వెనక అంటించి ఉండే సీరియల్ నంబరు కూడా రాసుకుని వెళ్లు. నకలు ఇస్తే మామూలు కాగితం మీద అచ్చు వేసి సంతకం పెట్టమను. మళ్లీ ఆ మెరుపు కాగితమే చేతిలో పెడితే ఏడాదికి ఇదే కథ.

బిల్లును ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టానని రాశావు చూడు, నాకు నవ్వొచ్చింది. దాన్ని తినేసింది ఆ భద్రమే అయ్యుంటుంది. మెత్తగా, వాసన వేసే పీవీసీ కవర్లను మెత్తబరచడానికి కలిపే నూనెల్లాంటి పదార్థాలు కాగితంలోకి దిగి రంగును విడగొడతాయి. సెల్లోటేపు జిగురు, హైలైటర్, చేతికి రాసుకున్న క్రీము, శానిటైజర్ కూడా ఆ పనే చేస్తాయి. ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. లామినేషన్ అయితే వేడి రోలర్ల మధ్య నుంచి నల్లగా బయటికొస్తుంది. మామూలు కాగితపు కవరులో పెట్టి, పొడిగా, చల్లగా ఉండే అరలో ఉంచు. గుర్తు కోసం ఏమైనా రాయాలంటే వెనక పెన్సిల్‌తో రాయి.

ఎంత జాగ్రత్త చేసినా ఆ కాగితాన్ని నేను నమ్మను. ఖరీదైన వస్తువు కొన్న రోజే ఒక జిరాక్స్ తీసి వారంటీ కార్డుకు పిన్ను కొడతాను, ఒక ఫోటో తీసి వస్తువు పేరూ తేదీ పెట్టి రెండు చోట్ల దాస్తాను. పొడుగు బిల్లయితే రెండు ముక్కలుగా తీస్తాను, రెంటిలోనూ ఒక వరుస ఉమ్మడిగా పడేలా. అడుగున ఉండే బిల్లు నంబరు కోసుకుపోకూడదు. రెండు నిమిషాల పని.

అన్నట్టు, ఆ కాగితాలను ఎక్కువసేపు పట్టుకున్నాక చేతులు కడుక్కో. చాలా రకాల్లో బిస్ఫినాల్ అనే రసాయనం ఉంటుంది, చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. ఐరోపా సమాఖ్య 2020 జనవరి నుంచి ఈ కాగితంలో బిస్ఫినాల్ ఏ 0.02 శాతానికి మించకూడదని నిబంధన పెట్టింది. పిల్లవాడికి ఆడుకోమని ఇవ్వకు.

డ్రయర్ జోలికి వెళ్లేముందు స్కాన్ నాకు పంపు. నీలం ఛానెల్ నేను చూస్తాను.

పెదనాన్న