ఓడలో కొన్న వస్తువుకు ఏ దేశపు పన్ను?

ప్రశ్న: ఈ వేసవిలో అమ్మానాన్నలతో బార్సిలోనాలో ఓడ ఎక్కి, ఇటలీ రేవులు చూసి, తిరిగి అక్కడే దిగబోతున్నాం. ఓడలోని దుకాణాల్లో అదనంగా పన్ను వేస్తారని బంధువులు అంటున్నారు. నడిసముద్రంలో పన్ను ఎందుకండీ?
— ఒక పాఠకురాలు, టి.నగర్, చెన్నై

జవాబు: మీ బంధువులు చెప్పింది నిజమేనమ్మా. ఓడ ఐరోపా సమాఖ్య దేశాల రేవుల మధ్యే తిరుగుతూ, సమాఖ్యకు వెలుపలి రేవులో ఎక్కడా ఆగకపోతే, ఓడలో అమ్మే వస్తువులకు ప్రయాణం మొదలైన దేశపు వ్యాట్ వర్తిస్తుంది. మీ విషయంలో అది స్పెయిన్, అక్కడి సాధారణ రేటు 21 శాతం. సమాఖ్య దేశాల మధ్య ప్రయాణాల్లో సుంకం లేని అమ్మకాలు 1999 జూలై 1 నుంచే రద్దయ్యాయి. అదే ఓడ టర్కీలోనో మాంటెనెగ్రోలోనో ఆగి, ప్రయాణికులు దిగి చూసే వీలుంటే లెక్క మారుతుంది. అందుకే ఒకే ఓడలో ఒక వారం పన్ను పడి, మరో వారం పడకపోవడం చూసి చాలామంది మోసమనుకుంటారు; అది మోసం కాదు.

ఓడలోనే తిని తాగేవాటికి మినహాయింపు ఇచ్చుకునే వెసులుబాటు ఆయా దేశాలకు ఉంది కనుక, పానీయాల ప్యాకేజీ ధరలో పన్ను కలిసి ఉందో లేదో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి. పెద్దవాళ్లతో వెళ్తున్నారు, చివరిరోజు బిల్లు చూసి వారు కంగారుపడకూడదు. పర్యాటకులకు వ్యాట్ వాపసు ఇంటికి తెచ్చుకునే వస్తువులకే గాని, మసాజ్ వంటి సేవలకు రాదు.