కొలిమి ఆరిన ఊళ్లను ఫొటో తీయడం

ప్రశ్న: మూతపడిన ఉక్కు కర్మాగారాలు, గనులు ఉన్న ఊళ్లను రెండేళ్లుగా ఫొటోలు తీస్తున్నాను, పది ఫొటోలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. శిథిలాలను చూసి ముచ్చటపడటం తప్ప వీటిలో ఏమీ లేదని ఒక మిత్రురాలు అన్నది. మనుషులు లేకపోవడం తప్పా? జర్మన్ ఫొటోగ్రాఫర్లు బెషర్ దంపతుల ఫొటోల్లోనూ మనుషులు కనిపించరు కదా?

జవాబు: మీ మిత్రురాలి మాటను నేను తోసిపుచ్చలేను. ఉదాహరణకు, అమెరికాలోని కార్ల నగరం డెట్రాయిట్ జనాభా 1950లో సుమారు 18.5 లక్షలు, 2010 నాటికి అది 7.14 లక్షలకు పడిపోయింది. ఆ క్షీణత నిజమే అయినా, లక్షల మంది బతుకుతున్న నగరాన్ని 1988లో మూతపడి దశాబ్దాల పాటు పాడుబడి ఉన్న రైల్వే స్టేషన్ హాలులోంచే పదే పదే చూపిస్తే, అక్కడ ఇక ఎవరూ మిగల్లేదన్న అబద్ధం చూసేవారి మనసులో నాటుకుంటుంది. అంతకన్నా నన్ను బాధించేది ఇంకొకటి ఉంది. కర్మాగారాన్ని మూయడం ఎవరో కొందరు కూర్చుని తీసుకున్న నిర్ణయం. తుప్పును మాత్రమే చూపిస్తే అదంతా వానా గాలీ చేసిన పనిలా కనిపిస్తుంది.

బెర్న్ట్, హిల్లా బెషర్‌ల సంగతి వేరు. వారు 1959 నుంచి ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసులను, నీటి ట్యాంకులను, గని బావులపై నిలిచే ఇనుప గోపురాలను మబ్బు పట్టిన వెలుతురులో, ఎదురుగా నిలబడి తీసి, ఒకే రకం నిర్మాణాలను వరుసగా పక్కపక్కన పేర్చారు. ఆ కట్టడం ఎలా ఉందో చూపడమే తప్ప విషాదాన్ని పులమడం వారి ఉద్దేశం కాదు. మీ ఫొటోల్లో పగిలిన కిటికీలోంచి ఏటవాలుగా పడే ఎండ ఆ విషాదాన్నే కోరుతోంది.

బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ క్రిస్ కిలిప్ దారిని గమనించండి. ఈశాన్య ఇంగ్లండ్‌లోని లైన్‌మత్ తీరంలో, గని వ్యర్థాలతో సముద్రంలో కలిసి మళ్లీ ఒడ్డుకు కొట్టుకొచ్చే బొగ్గును గుర్రపు బళ్లలో ఏరుకునే కుటుంబాలు ఉండేవి. 1976లో ఆయన కెమెరాతో వెళ్తే వారు తరిమేశారు. 1982లో గానీ వారు ఆయనను దగ్గరకు రానివ్వలేదు. ఆ తర్వాత ఆయన వారి మధ్యే ఒక కారవాన్‌లో కాపురముండి ఫొటోలు తీశారు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ లటోయా రూబీ ఫ్రేజియర్‌కు అలా అనుమతి కోసం ఎదురుచూడవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే పెన్సిల్వేనియాలోని బ్రాడక్ ఆమె సొంత ఊరే. 1920లో 20 వేలు దాటిన ఆ ఊరి జనాభా 2010కి సుమారు 2,200 అయింది. అదే ఏడాది అక్కడి ఆసుపత్రి మూతపడింది. 1875లో మొదలైన ఉక్కు కర్మాగారం మాత్రం నడుస్తూనే ఉంది. ఆమె అమ్మమ్మను, అమ్మను, తనను ఇంటి గదుల్లోనే ఫొటో తీసి, ఆ ఊరికి ఏం జరిగిందో వారి ఒంటి మీదే చూపించారు.

అందుకని మీరు ఆ షెడ్లను వదిలేయనక్కర్లేదు. ప్రతి ఫొటో కింద అక్కడ ఏం తయారయ్యేదో, ఏ ఏట మూశారో రాయండి. ఆ షెడ్డులో పనిచేసినవారు ఆ ఊళ్లోనే ఉంటే, ప్రింట్లు తీసుకెళ్లి వారి చేతిలో పెట్టండి. ఏ యంత్రం దగ్గర ఎవరు నిలబడేవారో వారు చెబుతారు, రెండోసారి వెళ్లినప్పుడు మీరు కెమెరా ఎటు తిప్పాలో దాన్నిబట్టి తెలుస్తుంది.