పిట్ట ఆగిపోయిన మూడున్నర రోజులు

అమ్మాయ్,

రసాయనాలు జీవుల తీరుని ఎలా మారుస్తాయో నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీ మొత్తం తీసెయ్యి. మనిషి అత్యాశ, ప్రకృతి ఆక్రోశం లాంటివి చాలామంది రాసేశారు, పాఠకుడు అక్కడే వదిలేస్తాడు. మూడో పేజీలో, మందు పట్టించిన పత్తి గింజలు పెట్టే రోజుల్లో మీ నాన్న వేళ్లకి అంటిన గులాబీరంగు గురించి రాశావు చూడు, అసలు వ్యాసం అక్కడ మొదలవుతోంది.

రసాయనం అనగానే మనకి చావే గుర్తొస్తుంది. తేలిన చేపలు, రాలిన పక్షులు. చావకుండా తీరు మారిపోయిన జీవి గురించి రాయడమే కష్టం. జపాన్‌లోని మినమాటా తీరాన 1950ల్లో పిల్లులు తూలుతూ, గిరగిరా తిరుగుతూ సముద్రంలో పడ్డాయి. జనం దాన్ని పిల్లుల నాట్యం జబ్బన్నారు. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల ద్వారా వాటి మెదడుకెక్కిందని తేలేసరికి, అదే చేపలు తిన్న మనుషులూ మంచాన పడ్డారు.

ఇంకా నెమ్మదైన సంగతి ఒకటి చెబుతాను. కెనడాలో వసంతకాలంలో ఉత్తరానికి వలసపోయే ఒక జాతి పిచ్చుకల్ని పట్టుకుని, ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఒక్కసారి, కొద్దిగా ఇచ్చారు. ఆ మందు పట్టించిన విత్తనాలు కొన్ని తింటే ఒంట్లోకి వెళ్లేంత. ఎక్కువ మోతాదు పడ్డవి తిండి తగ్గించేశాయి, ఆరు గంటల్లో బరువులో 6 శాతం పోయింది. తర్వాత వీపుకి చిన్న రేడియో ట్యాగ్ అంటించి వదిలారు. ఒక్కటీ చచ్చిపడలేదు. కానీ మందు పడని పిట్టలు వెళ్లిపోయాక కూడా ఇవి అక్కడే ఉండిపోయాయి, సుమారు మూడున్నర రోజులు. దారిలో ఖర్చయ్యే కొవ్వు మళ్లీ పట్టాలి కదా. ఆలస్యంగా చేరిన పిట్టకి గూడు కట్టుకునే మంచి చోటు మిగలకపోవచ్చు. 2019లో వచ్చింది ఈ పరిశోధన. చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

ఇమిడాక్లోప్రిడ్ అంటే మీ ఊళ్లో తెలియనివాళ్లుండరు. పత్తిలో పచ్చదోమకి కొట్టేది, గింజకి పట్టించేది. అయినా మీ చేలో పిచ్చుకలకీ ఇలాగే అయిందని రాయకు. ఆ పిట్ట వేరు, ఆ పంట వేరు. నువ్వు చూడనిది నీ కలంలోంచి రాకూడదు.

మరో మాట. స్వీడన్ చేపలకి "టెన్షన్ తగ్గి ధైర్యం వచ్చింది" అని రాశావు. చేప మనసు మనకేం తెలుసు? 2013 నాటి ఆ ప్రయోగంలో, మనుషులు ఆందోళనకి వాడే ఆక్సాజెపామ్ కొద్దిగా కలిసిన నీళ్లలో పెర్చ్ చేపలు గుంపుని వదిలి తిరిగాయి, మామూలు కంటే ఎక్కువ చురుగ్గా ఈదాయి, గబగబా తిన్నాయి. ఆ మూడు పనులే రాయి. మనం మింగిన మాత్ర మూత్రంలో పోయి, మురుగుశుద్ధి దాటుకుని నదిలో ఎలా చేరుతుందో ఇంకో రెండు వాక్యాలు రాస్తే చాలు.

ఈసారి విత్తేటప్పుడు పొద్దున్నే చేను గట్టున కూర్చో. ఏ పిట్ట వచ్చింది, గింజ ముట్టిందా లేదా, ఎంతసేపు ఉంది, నోట్‌బుక్‌లో టైముతో సహా రాసుకో. ఆ పేజీలు దిద్దకుండా అలాగే నాకు పంపు. నాన్నని మాత్రం చేతులకి తొడుగులు వేసుకునే గింజలు పెట్టమను, అన్నం ముందు సబ్బుతో కడుక్కోమను.