సంగటి తిన్నాక పెరిగే చక్కెర

ప్రశ్న: నా వయసు 54. పరగడుపున 118 ఉండే చక్కెర, సంగటి తిన్న రెండు గంటలకు 260 దాటుతోంది. డాక్టరు గారు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్‌లకు తోడుగా వోగ్లిబోస్ రాశారు. దానిని ఎప్పుడు వేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, వోగ్లిబోస్ చిన్నపేగులో పిండిపదార్థం చక్కెరగా మారడాన్ని నెమ్మదింపజేస్తుంది కనుక, దానిని భోజనానికి కూర్చునే ముందే వేసుకోవాలి. మొదట్లో కడుపుబ్బరం కలగవచ్చు. ముఖ్యమైన విషయం మరొకటి ఉంది: గ్లిమెపిరైడ్ వేసుకున్నాక భోజనం ఆలస్యమై, రక్తంలో చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు వస్తే, పంచదార, బెల్లం త్వరగా పనిచేయవు, వాటి జీర్ణాన్నీ వోగ్లిబోసే నిదానపరుస్తుంది. గ్లూకోజు పొడినే నీళ్లలో కలిపి తాగాలి, ఆ పొట్లం ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. మోతాదును డాక్టరు మాత్రమే మార్చాలి. సంగటి మానక్కరలేదు, ముద్ద చిన్నది చేసి, ఆకుకూర పప్పు ఎక్కువగా వడ్డించుకోండి.