ఎంటర్ నొక్కే ముందు

బెంగళూరు

అమ్మలూ,

పీణ్యాలో ల్యాబ్‌లో చేరావని, పదహారు ట్యూబుల్లోని ఒత్తిడిని ఒకేసారి కొలిచే పెట్టె, అదే పదహారు చానెళ్ల ప్రెషర్ స్కానర్, నీకు అప్పగించారని నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమైంది. పాతికేళ్లు ఆ పెట్టెల మధ్యే గడిపినవాణ్ణి కాబట్టి కొన్ని సంగతులు నీకు ముందే చెప్పాలనిపించింది.

కమాండ్లు నీకు రెండు రోజుల్లో వచ్చేస్తాయి. జీరో తీయడానికి, అంటే ఒత్తిడి తేడా లేనప్పుడు రీడింగు సున్నా చూపేలా చేయడానికి, స్కానివాల్వ్ డీఎస్ఏ రకం పెట్టెకి సీఏఎల్‌జెడ్ (CALZ) అని కొడతాం, నెట్‌స్కానర్ రకానికి చిన్న హెచ్ (h). ఏది కొట్టినా ఆ క్షణాన సెన్సర్ మీద ఉన్న ప్రెషర్‌నే పెట్టె సున్నాగా రాసుకుంటుంది. అక్కడ నిజంగా సున్నా ఉందా లేదా అన్నది చూసుకోవాల్సింది నువ్వే.

కొత్తలో నాకు జరిగింది చెప్తాను. జీరో తీసేటప్పుడు సెన్సర్లను ట్యూబుల నుంచి విడదీసేది క్యాలిబ్రేషన్ వాల్వ్. దాన్ని తిప్పే నైట్రోజన్ సిలిండర్ రాత్రికి రాత్రే ఖాళీ అయిపోయింది. నేను చూసుకోలేదు. కమాండ్ కొట్టాను, స్క్రీన్ మీద సరేనని జవాబు వచ్చింది. వాల్వ్ మాత్రం కదలనే లేదు. ట్యూబుల్లో మిగిలిపోయిన ప్రెషర్ పదహారు చానెళ్లకీ సున్నా అయి కూర్చుంది. పైగా సేవ్ కూడా చేసేశాను. రెండు రోజుల రీడింగులు పారేయాల్సి వచ్చింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. అప్పటినుంచి కమాండ్ కొట్టేటప్పుడు ఎడమ చెయ్యి పెట్టె మీద ఉంచేవాణ్ణి. వాల్వ్ తిరిగితే చిన్న టక్ అని వేళ్లకి తెలుస్తుంది. నువ్వూ అలాగే చెయ్యి.

పెట్టె ఆన్ చేసి కనీసం గంట వేడెక్కనివ్వు. జీరోకి ముందు అన్ని చానెళ్ల రీడింగులూ రిజిస్టర్‌లో రాయి, తర్వాతవి పక్కనే రాయి. పదిహేను చానెళ్లు కొద్దికొద్దిగా జరిగి, ఒక్కటే బాగా జరిగిందంటే ఆ ట్యూబు నలిగిందేమో, లీకుందేమో చూడు. అది తేలేదాకా సేవ్ జోలికి పోకు. తక్కువ రేంజి చానెళ్లయితే ఫ్యాన్ కట్టేయాల్సిందే. సెకనుకు 3 మీటర్ల గాలి ట్యూబు మూతికి ఎదురుగా తగిలితే చాలు, దాదాపు 5 పాస్కల్‌లు చూపిస్తుంది.

స్పాన్ దగ్గర, అంటే తెలిసిన ప్రెషర్ ఇచ్చి రీడింగును దానికి సరిచేసే చోట, ఇంకో చిక్కుంది, ఇది మన ఊరి చిక్కు. ఆ ప్రెషర్‌ను బరువు బిళ్లలతో పుట్టించేది డెడ్‌వెయిట్ టెస్టర్. దాని బిళ్లల మీద రాసిన ప్రెషర్ సాధారణంగా 9.80665 గురుత్వానికి లెక్కకట్టి ఉంటుంది. ఇక్కడ గురుత్వం సుమారు 9.78. అంటే 100 కిలోపాస్కల్‌ల బిళ్లలు పెడితే నిజంగా వచ్చేది 99.73. 0.05 శాతం కచ్చితత్వమున్న పెట్టెకి ఇది అయిదు రెట్ల తప్పు. సాఫ్ట్‌వేర్‌కి బిళ్ల మీది అంకె ఇచ్చావంటే ఆ తప్పును నీ చేత్తోనే పదహారు చానెళ్లకీ ఎక్కించినట్టు. కొన్ని బిళ్లలను స్థానిక గురుత్వానికే చేయించుకుంటారు, కాబట్టి ముందు సర్టిఫికెట్‌లో ఏ విలువ రాశారో చదువు. పాయింట్లు పైకి వెళ్తూ ఒకసారి, దిగుతూ ఒకసారి తియ్యి.

అబ్సల్యూట్ ప్రెషర్, అంటే చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని కూడా కలిపిన ప్రెషర్, కావాల్సి వస్తే ఫోన్‌లో వాతావరణం చూసి 1013 వేయొద్దమ్మా. అది సముద్రమట్టానికి మార్చిన అంకె. 900 మీటర్లు దాటిన మన ఊళ్లో అసలు గాలి ఒత్తిడి 910 హెక్టోపాస్కల్‌ల దగ్గర ఉంటుంది. ల్యాబ్‌లో బారోమీటర్ లేకపోతే మొహమాటపడకుండా కొనమని అడుగు.

మొదటి జీరో తీశాక రిజిస్టర్ పేజీ ఫోటో పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెదనాన్న