అలారం మోగినా టాబ్లెట్ మర్చిపోతుంటే

అలారం ఆపిన గుర్తుంది కానీ రాత్రి బీపీ టాబ్లెట్ వేసుకోవడం మర్చిపోతున్నా అన్నారు కదా, తప్పు అలారంది కాదండి, ఆపాక "ఈ దోసె తీసేసి వేసుకుందాంలే" అనుకుంటారు చూడండి, ఆ గ్యాప్‌లోనే ఎగిరిపోతుంది. 2000లో ఐన్‌స్టీన్ (ఫిజిక్స్ ఆయన కాదు, సైకాలజిస్టు), మెక్‌డానియల్ వాళ్ళు చేసిన ప్రయోగాల్లో పెద్ద వయసువాళ్ళు చెయ్యాల్సిన పనికి 10 సెకన్లు ఆగాల్సొచ్చినా చాలాసార్లు మర్చిపోయారు.

1. టాబ్లెట్ గొంతు దిగేదాకా అలారం ఆఫ్ చెయ్యొద్దు, స్నూజ్ నొక్కండి. అందరూ వదిలేసేది ఇదే, నేనూ అంతే.
2. స్టవ్ దగ్గర్నుంచి కదల్లేకపోతే స్ట్రిప్ తెచ్చి అట్లకాడ పక్కనే పెట్టుకోండి, కంటికి కనపడాలి.
3. వేసుకున్నానా లేదా అని డౌటొస్తే ఇంకోటి మింగేయకండి. వారం టాబ్లెట్లు రోజుకో గడిలో పెట్టుకునే ఏడు గళ్ళ డబ్బా కొనుక్కోండి, ఆ రోజు గడి ఖాళీ అయితే వేసుకున్నట్టే.