జ్ఞాపకార్థ కూడికలో చదివే జీవిత చరిత్ర ఎలా రాయాలి?

ప్రశ్న: మా అత్తగారు పోయిన నెల ప్రభువునందు నిద్రించారు. మా బాప్టిస్టు సంఘంలో స్త్రీల సమాజానికి ఆవిడే పెద్దదిక్కు. జ్ఞాపకార్థ కూడికలో జీవిత చరిత్ర నన్నే రాసి చదవమన్నారు పాస్టరుగారు. ‘ప్రార్థనాపరురాలు, అందరికీ తలలో నాలుక’ అని రాశాక ఇక కలం కదలడం లేదు. వయసు ఆధార్‌లో ఒకటుంది, చుట్టాలు ఇంకొకటి చెబుతున్నారు. 1968 నాటి బాప్తిస్మం కాగితంలో ‘బొబ్బిలి, శ్రీకాకుళం జిల్లా’ అని తప్పు పడింది. దిద్ది చదవాలా?
– ఒక కోడలు, రాజాం

జవాబు: దిద్దకండమ్మా, ఆ కాగితం ఒప్పే. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. అంతవరకూ బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలోదే. మీ రాజాం కూడా 2022 ఏప్రిల్‌లోనే కదా విజయనగరంలోకి వచ్చింది! ‘అప్పటి శ్రీకాకుళం జిల్లా’ అని చదివితే సరిపోతుంది.

వయసు విషయంలో ఆధార్‌ ఒక్కదాన్నే పట్టుకోకండి. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్లకు చాలామందికి జనవరి 1 వేసేశారు. బాప్టిస్టు సంఘాల్లో బాప్తిస్మం పెద్దయ్యాక, సొంత ఒప్పుకోలుతో ఇస్తారు కాబట్టి ఆ తేదీని బట్టి పుట్టుక తేలదు. పెళ్లి రిజిస్టరు చూడండి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం అందులో వధూవరుల వయసు, తండ్రుల పేర్లు ఉంటాయి. అక్కడా దొరక్కపోతే ‘సుమారు’ అని రాయండి.

ఇక అసలు విషయం. బైబిల్లో అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో దొర్కా అనే శిష్యురాలు చనిపోయినప్పుడు విధవరాండ్రు అపొస్తలుడైన పేతురుకు చూపించింది ఆమె కుట్టిన అంగీలను, వస్త్రాలను. మీరూ అలాగే చూపించండి. ‘ప్రార్థనాపరురాలు’ కొట్టేసి, ఆవిడ ఎన్ని గంటలకు లేచేవారో, ఎక్కడ మోకరించేవారో, ఎవరెవరి పేర్లు చెప్పి ప్రార్థించేవారో రాయండి. వంట చేసేటప్పుడల్లా దేవుని పనికని పిడికెడు బియ్యం తీసి పెట్టేవారా? ఏ డబ్బాలో వేసేవారు? ఎసట్లో బియ్యం పోసే ముందు తీసేవారా, మిగిలినవి వేసేవారా? ముందే తీయడంలో ఉంది ఆవిడ విశ్వాసం. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున కూడా పిడికెడు తీశారని తెలిస్తే దాన్ని తప్పక రాయండి. ఆ బియ్యం డబ్బు దేనికి వాడారో స్త్రీల సమాజం లెక్కల పుస్తకం చూసి, కోశాధికారిని అడగండి.

సంవత్సరాలు గుర్తులేని వాళ్లను ‘ఎప్పుడు’ అని అడిగితే తేలదు. ‘తిత్లీ తుఫానుకి ముందా, తర్వాతా?’ అనండి. అది 2018 అక్టోబరు. హుద్‌హుద్ 2014 అక్టోబరు. చాలా విషయాలు అక్కడే కుదురుకుంటాయి.

నింపాదిగా చదివితే నిమిషానికి 80, 90 మాటలు. అయిదారు నిమిషాలకు 450 మాటలు చాలు. సాక్ష్యాలు చెప్పేవాళ్లకు తలా ఒక్క సంఘటన ముందే పంచండి, లేకపోతే అందరూ ఒకటే చెబుతారు. అన్నిటికన్నా ఎక్కువ నొప్పి కలిగించేది పేర్ల దగ్గర పొరపాటు. చిన్నప్పుడే పోయిన బిడ్డను, దూరాన ఉన్న ఆడపడుచును వదిలేస్తుంటారు. రాసింది మీ మరుదులకే కాదు, ఆవిడ పుట్టింటివాళ్లకు కూడా ముందుగా చదివి వినిపించండి. మతం మారినప్పటి తగవులేవైనా ఉంటే, వాళ్లు వద్దంటే వదిలేయండి.

ప్రశ్న: మా అమ్మ బైబిలు అట్ట ఊడిపోయింది. అంచుల నిండా ఆమె రాసుకున్న తేదీలే. టేపు వేయవచ్చా?
– నెల్లిమర్ల

జవాబు: వద్దు. సెల్లో టేపు జిగురు కొన్నేళ్లకు పసుపెక్కి కాగితాన్నే తినేస్తుంది. లామినేషనూ అంతే, మళ్లీ ఊడదీయలేరు. ముందు కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, రాత ఉన్న ప్రతి పేజీని ఫోనుతో ఫొటో తీయండి. మధ్యలో దాచుకున్న చీటీలు, ఎండిన పువ్వులు ఏ పేజీలో ఉన్నాయో రాసుకుని విడిగా కవరులో పెట్టండి. తర్వాత ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, పడుకోబెట్టి ఉంచండి. రబ్బరు బ్యాండు వేయకండి, కరిగి అంటుకుంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ప్లాస్టిక్ సంచిలో కట్టేస్తే లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. వానాకాలం వెళ్లాక ఒకసారి విప్పి నీడలో ఆరనివ్వండి.